చిన్న ఊరి బడిలో, గ్రంథాలయంలో సంగీతం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయానికి సంబంధించినవి. సంగీత కళాశాల గాని, కచేరీలు నడిపే సభ గాని లేని చిన్న ఊళ్లలో పిల్లలకు, పెద్దలకు సంగీతం అందించే బాధ్యత బడి మీద, ప్రజా గ్రంథాలయం మీద పడుతుంది. ఆ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడమే చాలాచోట్ల అసలు లోటని నా అభిప్రాయం. ఉత్తరాలను కొంత కుదించి, జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా పాఠశాలలో సంగీత ఉపాధ్యాయులు లేరు. నేను లెక్కలు చెబుతాను. సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు కాని శ్రుతిలో పాడగలను. వార్షికోత్సవానికి ముందు పదిమంది పిల్లలను ఎంపిక చేసి పాటలు నేర్పుతున్నాము. ఏడాది పొడవునా ఏదైనా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? యాజమాన్యం ఇందుకు సమయం ఇవ్వడానికి సుముఖంగా లేదు.

జవాబు: శ్రుతిలో పాడగలగడమే ఈ పనికి కావలసిన మొదటి అర్హత. అది మీకు ఉంది. ముందుగా ఆ పదిమందిని ఎంపిక చేసే పద్ధతిని మానండి. దానివల్ల ఇప్పటికే పాడగలిగిన పిల్లలకు మరికొంత సాధన దొరుకుతుంది. మిగిలిన పిల్లలకు తమకు పాట రాదన్న నమ్మకం మిగులుతుంది. తరగతి మొత్తం పాడాలి. వారానికి ఒక గంట పాడించడం కంటే రోజుకు పది నిమిషాలు పాడించడం మేలు, ఎందుకంటే చెవికి పట్టిన స్వరం వారం రోజులు నిలవదు, మర్నాటికి నిలుస్తుంది. హంగరీ స్వరకర్త జొల్తాన్ కొదాయ్ (1882–1967) పట్టుబట్టింది ఈ విషయం మీదనే. ఆయన పుట్టిన కెచ్‌కెమేట్ పట్టణంలో 1950లో ఆరంభమైన సంగీత ప్రాథమిక పాఠశాలలో పాట ప్రతిరోజూ చెప్పే పాఠాలలో ఒకటి. ఆయన ఆలోచనలో వాద్యం కంటే ముందు గొంతు వస్తుంది, స్వరలిపి (పాటను స్వరాల గుర్తులతో రాసే పద్ధతి) కంటే ముందు వినికిడి వస్తుంది.

మన సంప్రదాయంలో పురందరదాసు ఏర్పరచినట్లు చెప్పుకునే సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అనే తొలి అభ్యాసాలు కూడా ఇలా మెట్టు మెట్టుగా నడిపించేవే. వాటిని మాయామాళవగౌళ రాగంలో చెప్పడంలో ఒక సౌలభ్యం ఉంది. ఆ రాగంలో స రి గ మ ల మధ్య ఎంతెంత ఎడం ఉంటుందో ప ద ని స ల మధ్య కూడా అంతే ఉంటుంది, కాబట్టి కింది సగం గొంతుకు పట్టిన పిల్లవాడికి పై సగం సులువుగా పట్టుబడుతుంది. అయితే రిషభానికీ (రి) గాంధారానికీ (గ) మధ్య ఉన్న పెద్ద ఎడం చిన్న తరగతుల పిల్లలకు కష్టం. వారికి మోహన వంటి అయిదు స్వరాల రాగంలో చిన్న చిన్న పాటలతో మొదలుపెట్టి, స్వరాల సంగతి తరువాత ఎత్తుకోవడం మంచిదని నేను అనుకుంటాను. సంప్రదాయజ్ఞులలో దీనితో ఏకీభవించనివారు ఉండవచ్చు. కాని మీ ఎదుట ఉన్నది నలభైమంది పిల్లల తరగతి, గురువు ఎదుట కూర్చున్న ఒక్క శిష్యుడు కాదు.

శ్రుతి విషయంలో పెద్దలు తరచుగా పొరబడతారు. తమ గొంతుకు హాయిగా ఉన్న శ్రుతిలో పాట ఎత్తుకుంటారు. అయిదున్నర శ్రుతిలో (జి షార్ప్) ఉపాధ్యాయురాలు పాడితే షడ్జం (స) పిల్లల గొంతుకు బాగా కింద పడుతుంది, అప్పుడు వారు పాడడం మాని మాట్లాడినట్లు గొణుగుతారు. ప్రాథమిక తరగతుల పిల్లలకు హార్మోనియం మధ్య స్థాయిలోని రెండు శ్రుతి (డి) షడ్జంగా పెట్టి, పాట మంద్రంలోకి (కింది స్థాయిలోకి) దిగకుండా, తార షడ్జం (పై స) దాటకుండా ఉండేటట్లు చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. మగవారు నేర్పేటప్పుడు పిల్లలు ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉన్న ఎడం) పైన అందుకోవలసి ఉంటుంది. అది అందరికీ వెంటనే తట్టదు కాబట్టి, అందుకున్న పిల్లలలో ఒకరి చేత పాడించి మిగిలినవారిని వినమనండి. మీరు ఒక పాదం పాడేటప్పుడు పిల్లలు వినాలి. పిల్లలు పాడేటప్పుడు మీరు ఊరుకోవాలి. వారితో పాటు మీరూ పాడుతూ ఉంటే వారి తప్పు మీకు వినపడదు, మీ గొంతు చాటున వారు దాక్కుంటారు. గట్టిగా పాడమని మాత్రం ఎన్నడూ చెప్పకండి. పిల్లలకు గట్టిగా పాడడమంటే అరవడమే.

ఇక సమయం సంగతి. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1838లో సంగీతం ప్రభుత్వ పాఠశాలల పాఠ్యాంశాలలో చేరింది. అంతకుముందు లోవెల్ మేసన్ అనే సంగీతజ్ఞుడు అక్కడి ఒక బడిలో జీతం తీసుకోకుండా పాట నేర్పి, ఫలితం చూపించారు. మిమ్మల్ని ఉచితంగా పనిచేయమని చెప్పడం లేదు. ఒకే తరగతిలో, మీ పీరియడు మొదటి పది నిమిషాలు, ఒక టర్ము పాటు పాడించండి; తరువాత ప్రధానోపాధ్యాయుల్ని వచ్చి వినమని అడగండి. యాజమాన్యాలు వాదనకు లొంగకపోయినా, పిల్లల పాట విన్న తరువాత కాదనడం కష్టం.

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. బృందగానంలో నిలబెట్టి, "నీకు శ్రుతి కుదరడం లేదు, పెదవులు కదిపితే చాలు" అన్నారట. ఇంటికి వచ్చి ఏడ్చింది. నిజంగానే కొందరికి సంగీతం రాదా?

జవాబు: పెదవులు కదిపితే చాలు అన్న మాట ఏ బిడ్డతోనూ అనకూడదు. ఆ మాట విన్నవారు పెద్దయ్యాక కూడా నలుగురిలో నోరు విప్పరు. స్వరాల హెచ్చుతగ్గులను పుట్టుకతోనే గుర్తించలేని స్థితి ఒకటి ఉన్న మాట వాస్తవం. నూటికి నలుగురిలో ఉంటుందని పాత అంచనా, ఒకరిద్దరికి మించదని ఇటీవలి అంచనా. ఒక పాట పల్లవిని మీరు కావాలని అపస్వరంతో పాడితే మీ అమ్మాయి "తప్పు పాడావు" అని పట్టుకోగలిగితే, ఆమెకు ఆ స్థితి లేదని దాదాపుగా నిశ్చయించుకోవచ్చు. ఆమె చెవి బాగానే ఉన్నది. చెవి విన్నదాన్ని గొంతుకు అప్పగించే అలవాటు ఇంకా కుదరలేదు. ఎనిమిదేళ్లకు అది అసాధారణం కాదు.

ఇంట్లో ఇలా చేయండి. మీరు ఒక స్వరం ఇచ్చి దాన్ని అందుకోమనవద్దు. ఆమెనే ఏదో ఒక స్వరం "ఆ" అని పట్టమనండి, అది ఎక్కడ ఉంటే అక్కడికి మీరు వెళ్లి మీ గొంతు కలపండి. రెండు గొంతులు ఒకటైనప్పుడు శబ్దంలోని వణుకు ఆగి తేటపడుతుంది. ఆ అనుభవం బిడ్డకు మొదటిసారి కలగడమే ముఖ్యం, చాలామంది పిల్లలు ఆ క్షణంలో తలెత్తి చూస్తారు. అక్కడి నుంచి ఒక స్వరం పైకి, ఒక స్వరం కిందికి మీరు కదిలి, ఆమెను వెంట రమ్మనండి. గొంతును కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జార్చే ఆట కూడా మంచిది. బృందంలో ఆమెను బాగా పాడే ఇద్దరు పిల్లల మధ్య, ముందు వరుసలో నిలబెట్టమని ఉపాధ్యాయులను కోరండి. అటువంటివారిని వెనుక వరుసకు పంపడం అలవాటు; అక్కడ వారికి వినవలసిన గొంతులు వినపడవు.

ప్రశ్న: బాగా పాడే మా అబ్బాయికి పదమూడో ఏడు వచ్చాక గొంతు బొంగురుపోయింది. బడి బృందంలోంచి తీసేశారు. గొంతు కుదురుకునేదాకా పాడడం మాన్పించమంటారా?

జవాబు: మాన్పించవద్దు. ఈ వయసులో స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై మందమవుతాయి. మగపిల్లల గొంతు ఇంచుమించు ఒక స్థాయి మేర కిందికి దిగుతుంది. ఆడపిల్లలకూ మార్పు వస్తుంది కాని అది రెండు మూడు స్వరాలకు మించదు కాబట్టి ఎవరూ గమనించరు. మారుతున్న గొంతుకు హాయిగా పలికే స్వరాలు కొంతకాలం అయిదారే ఉండవచ్చు. ఆ అయిదారు స్వరాలలో ఒదిగే పాట ఇవ్వాలి, లేదా బృందంలో షడ్జ పంచమాలను (స, ప) పట్టి నిలిపే పని అప్పగించాలి. పాత శ్రుతిలో పాత పాటలే పాడమని బలవంతం చేస్తేనే గొంతుకు హాని. నొప్పి ఉన్నా, బొంగురు నెలల తరబడి తగ్గకపోయినా చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించాలి. బృందం నుంచి తీసేయడం వల్ల జరిగే నష్టం గొంతుకు సంబంధించినది కాదు. ఆ వయసులో పాట మానిన మగపిల్లలలో చాలామంది మళ్లీ తిరిగి రారు.

ప్రశ్న: నేను ఒక చిన్న ఊరి గ్రంథాలయంలో గ్రంథపాలకురాలిని. సంగీతానికి సంబంధించి ఏదైనా చేయాలని ఉంది. కాని గ్రంథాలయం అంటే నిశ్శబ్దంగా ఉండవలసిన చోటు కదా అని పాఠకులు అభ్యంతరం చెబుతున్నారు. నిధులు కూడా తక్కువ.

జవాబు: నిశ్శబ్దం పఠనమందిరపు నియమం, గ్రంథాలయం చేయవలసిన పని అంతకంటె పెద్దది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నగరానికి హెన్రీ వాట్సన్ అనే సంగీతజ్ఞుడు 1899లో తన సంగీత గ్రంథ సంపదనంతా అప్పగించారు. ఆయన పేరుతోనే నడుస్తున్న ఆ సంగీత విభాగం గాయక బృందాలకు ఒకే కృతి స్వరలిపి ప్రతులను కట్టలు కట్టలుగా ఎరువిస్తుంది. కెనడాలోని టొరంటో ప్రజా గ్రంథాలయం 2016 నుంచి వాద్యాలనే పుస్తకాల మాదిరిగా ఇంటికి ఇస్తున్నది. ఇవి పెద్ద నగరాలు. అయినా వీటి వెనుక ఉన్న ఆలోచన చిన్న ఊరికి మరింత అవసరం, ఎందుకంటే నగరంలో స్వరలిపి పుస్తకమో వాద్యమో మరోచోట దొరుకుతుంది, చిన్న ఊరిలో దొరకదు.

డబ్బుతో పని లేనిదాని నుంచి మొదలుపెట్టండి. మీ దగ్గర ఇప్పటికే ఉన్న సంగీత పుస్తకాలు సాహిత్యంలో కొన్ని, భక్తి గ్రంథాలలో కొన్ని, ఎక్కడ పెట్టాలో తెలియక విడిచిన మూల కొన్ని ఉంటాయి. వాటిని ఒక బీరువాలోకి చేర్చండి. ఆ తరువాత ఒక్కో పుస్తకంలో ఉన్న కీర్తనలకూ పాటలకూ పల్లవి మొదటి మాటను బట్టి అకారాది సూచిక తయారు చేయండి. పక్కన రాగం, తాళం, రచయిత, పుస్తకం, పుట సంఖ్య రాయండి. ఇది శ్రమతో కూడిన పని. కాని సంగీతం కోసం గ్రంథాలయానికి వచ్చేవారు పుస్తకం పేరు చెప్పి అడగరు, "ఫలానా పాట ఉందా" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలిగిన గ్రంథాలయానికి మనుషులు మళ్లీ వస్తారు. పై తరగతుల పిల్లలకు ఈ సూచిక పని అప్పగించవచ్చు. వారికి రాగాల పేర్లు, వాగ్గేయకారుల పేర్లు ఆ పనిలోనే పరిచయమవుతాయి.

రెండోది, ఊరి బడులతో ఒక ఒప్పందం. ఈ నెల ఏ తరగతి ఏ పాట నేర్చుకుంటున్నదో ఉపాధ్యాయులు మీకు ముందుగా చెప్పాలి. ఆ పాట సాహిత్యం, స్వరలిపి, వీలైతే ఇద్దరు వేర్వేరు గాయకులు పాడిన రికార్డులు మీరు సిద్ధంగా ఉంచాలి. పిల్లవాడు తల్లినో తాతనో వెంటబెట్టుకొని వచ్చి హెడ్‌ఫోన్లతో వింటాడు. ఒకే పాటను ఇద్దరు రెండు విధాలుగా పాడారని అతను గమనించిన రోజున, మీరు ఏ పాఠ్యపుస్తకమూ చేయలేని పని చేసినట్లే. బడి వదిలిన తరువాత పాటకు చోటు లేకుండా పోవడం చిన్న ఊళ్లలో అందరూ చూస్తున్నదే. ఆ పిల్లలు పెద్దవారై తిరిగి రాగల చోటు గ్రంథాలయం ఒక్కటే.

శబ్దం గురించి పాఠకుల అభ్యంతరం న్యాయమైనదే కాబట్టి, సంగీతానికి ఒక వేళ నిర్ణయించి ముందుగా గోడ మీద రాసి పెట్టండి. వారంలో ఒక సాయంత్రం, పఠన సమయం ముగిశాక ఒక గంట చాలు. మైకు పెట్టకండి. ఈ ఒక్క విషయంలో ఎవరు ఎంత అడిగినా ఒప్పుకోవద్దని నా మనవి. పుస్తకాల బీరువాలున్న గది ప్రతిధ్వనిని తగ్గిస్తుంది. ఒట్టి గోడల తరగతి గదిలో కలగాపులగమయ్యే మాటలు అక్కడ స్పష్టంగా వినపడతాయి. వీణ వంటి మెత్తని నాదానికి, చిన్నపిల్లల గొంతుకు అంతకంటె అనువైన గది ఊరిలో మరొకటి ఉండకపోవచ్చు. కచేరీలే జరగనక్కరలేదు. ఒక రికార్డును రెండుసార్లు వినిపించి, మధ్యలో వచ్చినవారిని ఏమి విన్నారో చెప్పమనడం కూడా మంచి కార్యక్రమమే.

ప్రశ్న: ఒక దాత మా బడికి వాద్యాలు కొనిస్తామన్నారు. ఏమి అడగాలి?

జవాబు: మొత్తం డబ్బును కొనుగోలుకే వాడవద్దు, కొంత భాగం తీగలకు, మరమ్మతుకు, శ్రుతి సరిచేయించడానికి విడిగా ఉంచమని దాతకు ముందే చెప్పండి. బీరువాలో మూలుగుతున్న వాద్యాలలో చాలావాటికి పట్టిన జబ్బు తెగిన తీగ మాత్రమే. అందరూ కలిసి వాయించడానికి జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ (1895–1982), గునిల్డ్ కేట్‌మన్ కలిసి రూపొందించిన పద్ధతిలో వాడే జైలోఫోన్లు (పలకలను చిన్న కోలలతో కొట్టి వాయించేవి) మంచివి. వాటి పలకలు ఊడదీయవచ్చు. అవసరం లేని స్వరాల పలకలు తీసేస్తే అయిదు స్వరాలు మిగులుతాయి, అప్పుడు పిల్లవాడు ఏ పలక కొట్టినా పక్కవాడి స్వరంతో పెద్దగా పొరపొచ్చం రాదు. పిల్లల చేతికి ఇచ్చే పిల్లనగ్రోవులు, రికార్డర్ల వంటివి ఎవరివి వారికే ఉండాలి, లేదా ప్రతిసారీ కడగాలి. పెద్ద ఎలక్ట్రానిక్ కీబోర్డు ఒకటి కొంటే ఒక్కరే వాయిస్తారు, మిగిలినవారు చూస్తారు.

ప్రశ్న: మా ఊరిలో గురువులు లేరు. గ్రంథాలయంలో దొరికిన స్వరలిపి పుస్తకాలతో సంగీతం నేర్చుకోవచ్చునా?

జవాబు: కొంతవరకు నేర్చుకోవచ్చు. ఆ కొంత ఎంతో తెలిసి మొదలుపెట్టడం మంచిది. మామూలు స్వరలిపి ఏ స్వరం, తాళంలో ఎక్కడ, ఎంతసేపు అన్నది చెబుతుంది. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి ఎలా వెళ్లాలో, ఏది ఊగాలో, ఏది నిలకడగా ఉండాలో చెప్పదు. రాగానికి ప్రాణం ఆ గమకాలలోనే ఉంది. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగులో ప్రచురించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఈ లోటును పూరించడానికే గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు ఏర్పరచింది. ఆ పుస్తకం కూడా ఆ గుర్తులు పలికే తీరును ఒకసారి చెవితో విన్నవారికే పూర్తిగా ఉపయోగపడుతుంది. కాబట్టి తంబుర శ్రుతి పెట్టుకొని సరళీ స్వరాలు, అలంకారాలు మూడు కాలాల్లో (వేగాల్లో) చేయండి. గీతాలు అనే సులువైన తొలి రచనలు పుస్తకం చూసి నేర్చుకోండి. ఆ తరువాతి మెట్టయిన వర్ణాలకు వచ్చేసరికి ఎవరైనా గురువు దగ్గరికి నెలకొకసారైనా వెళ్లి పాడి వినిపించి, దిద్దించుకోండి. మీ గొంతును రికార్డు చేసుకొని మర్నాడు వినండి. పాడుతున్నప్పుడు వినపడని అపస్వరం అప్పుడు వినపడుతుంది.

ప్రశ్న: బడి కార్యక్రమంలో పాటలు పాడడానికి ఎవరి అనుమతైనా కావాలా?

జవాబు: రచయిత మరణించాక భారతదేశంలో 60 ఏళ్లు, ఐరోపా సమాఖ్య దేశాల్లో 70 ఏళ్లు గడిస్తే ఆ రచన మీద హక్కులు తీరిపోతాయి. అంతకంటె కొత్త పాటలను కూడా విద్యార్థులు, ఉపాధ్యాయులు బడి కార్యకలాపాలలో భాగంగా పాడుకోవడానికి భారతదేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. టికెట్టు పెట్టి బయటివారిని పిలిచినా, రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టినా సంగతి వేరు. అప్పుడు అనుమతి తీసుకోవాలి. పాత కీర్తన మీద హక్కులు లేకపోయినా, దాన్ని ఒకరు ఇటీవల పాడిన రికార్డు మీద హక్కులు ఉంటాయని గ్రంథాలయాలు గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: మా ఊరి బడి పిల్లలు, పెద్దలు పాడిన పాటల క్యాసెట్లు మా ఇంట్లో ఒక పెట్టె నిండా ఉన్నాయి. గ్రంథాలయానికి ఇస్తే పనికివస్తాయా?

జవాబు: తప్పక ఇవ్వండి, ఆలస్యం చేయకుండా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ప్రతి క్యాసెట్టు వెనుక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ మూతలను విరవండి. అవి లేకపోతే పొరపాటున దాని మీద మరొకటి రికార్డు కాదు. టేపు మీద బూజు పట్టి ఉంటే ప్లేయర్‌లో పెట్టవద్దు, ఆ బూజు ప్లేయర్ ద్వారా మిగిలిన క్యాసెట్లకూ పాకుతుంది. గ్రంథాలయం వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎమ్‌పీ3గా కాక, 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ల వేవ్ (ధ్వనిని కుదించని) ఫైలుగా ఎక్కించాలి. ఒక ప్రతి గ్రంథాలయంలో, ఒకటి బడిలో, మరొకటి వేరే ఊరిలో ఉండాలి. మార్పిడి అయిపోయిందని అసలు క్యాసెట్టును పారేయకూడదు. పాడినవారు ఉంటే వారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. పిల్లలుగా పాడినవారు ఇప్పుడు పెద్దవారై ఉంటారు, వారినే అడగాలి. అన్నిటికంటె ముందు మీరు చేయవలసింది ఒకటుంది. పెట్టె తెరిచి, ఒక్కో క్యాసెట్టు మీద ఎవరు పాడారో, ఏ సందర్భమో, ఏ సంవత్సరమో మీకు గుర్తున్నంతవరకు కాగితం మీద రాయండి. ఆ గొంతులను గుర్తుపట్టగలిగిన ఊరి పెద్దలను కూర్చోబెట్టుకొని మిగిలిన ఖాళీలు నింపండి.